కారులో పారాయణం వినడానికి రికార్డింగులు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సుప్రభాతం, సహస్రనామాలు, నమక చమకాలు, తిరుప్పావై. గుడిలోనూ పూజగదిలోనూ వినే వీటిని రోజూ బండి నడుపుతూ వినాలనుకునేవాళ్ళ కోసం ఈ పేజీ. భక్తి సినిమా పాటల సంగతి ఇక్కడ ఎత్తుకోలేదు.

పారాయణం పెట్టుకోవాలా, కచేరీ రికార్డింగు పెట్టుకోవాలా?

కారులో అయితే పారాయణమే. అదే అన్నమయ్య సంకీర్తనను కచేరీలో పాడితే ఆలాపన దగ్గర గొంతు బాగా తగ్గుతుంది, తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించే చోట, చప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. ఇంట్లో అదే దాని అందం. రోడ్డు మీద మాత్రం ఆలాపన టైర్ల చప్పుడులో కలిసిపోతుంది. వినబడటం లేదని వాల్యూమ్ పెంచుతారు, రెండు నిమిషాలకు మృదంగం చెవులు అదరగొడుతుంది, మళ్ళీ తగ్గిస్తారు. చెయ్యి స్టీరింగ్ మీద కంటే వాల్యూమ్ బటన్ మీదే ఎక్కువసేపు ఉంటుంది.

పారాయణంలో గొంతు మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటుంది. వేదపఠనంలో ఉదాత్త, అనుదాత్త, స్వరితాలనే మూడు స్వరాలు పక్కపక్క మెట్ల మీదే నడుస్తాయి కాబట్టి ఎగుడుదిగుళ్ళు ఇంకా తక్కువ. వాల్యూమ్ ఒకసారి సరిచేసుకుంటే గమ్యం చేరేదాకా ముట్టుకోనక్కర్లేదు. రెండో లాభం, మన ధ్యాస పాడేవారి ప్రతిభ మీదికి పోకుండా నామం మీద ఉంటుంది. "ఆహా, ఏం సంగతి వేశారు!" అని మురిసిపోవడం గొప్ప రసికతే, కానీ ప్రార్థన వేరు.

నా ప్రయాణం ఇరవై నిమిషాలు. ఏది సరిపోతుంది?

ప్రయాణానికి సరిపడే నిడివి చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. రోజూ సగంలో ఆగిపోయేది పెట్టుకుంటే నెల తిరిగేసరికి విసుగొస్తుంది.

వేంకటేశ్వర సుప్రభాతం నాలుగు భాగాలు: సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. మొత్తం 70. 1963లో వచ్చిన ఎం.ఎస్.సుబ్బులక్ష్మి రికార్డింగు నాలుగూ కలిపి ఇరవై నిమిషాల పైచిలుకు. మీ ప్రయాణానికి అతికినట్టు సరిపోతుంది.

విష్ణు సహస్రనామం పూర్వపీఠిక, ఫలశ్రుతితో సహా దాదాపు అరగంట. లలితా సహస్రనామం 182న్నర శ్లోకాలు, మామూలు వేగంలో ముప్పై నిమిషాలకు తగ్గదు. నమకం, చమకం కలిపి 25 నుంచి 35 నిమిషాలు, పఠించే బృందం వేగాన్ని బట్టి. పది నిమిషాల దారి అయితే ఆదిత్య హృదయం, హనుమాన్ చాలీసా, లింగాష్టకం లాంటివి చూసుకోండి.

ఇక్కడ ఒక కొలత పనికొస్తుంది. అనుష్టుప్ శ్లోకంలో 32 అక్షరాలు. పది పన్నెండు సెకన్లకు ఒక శ్లోకం నడిస్తే ప్రతి నామమూ విడిగా చెవిన పడుతుంది. ఏడు సెకన్లకు దిగితే బాగా వచ్చినవాళ్ళు కూడా అందుకోలేరు. పదిహేను దాటితే అది పారాయణం కాదు, రాగం కట్టిన పాట. కొత్త రికార్డింగు చేతికి రాగానే గడియారం చూసుకుంటూ ఐదు శ్లోకాలు వినండి. యాభై నుంచి అరవై సెకన్లు పడితే కారుకు సరైన వేగం.

ఆఫీసు నుంచి తిరిగొచ్చేటప్పుడు సుప్రభాతం వినొచ్చా?

వింటే దోషమని ఎవరూ అనరు. కానీ అది స్వామిని నిద్ర లేపే పాట. "ఉత్తిష్ఠ నరశార్దూల" అని సాయంత్రం ఏడింటికి ట్రాఫిక్‌లో వింటుంటే సందర్భం కుదరదు. పొద్దున సుప్రభాతం, సాయంత్రం సహస్రనామమో సంకీర్తనలో పెట్టుకుంటే రోజుకు గుడి క్రమం వస్తుంది.

తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో పాడే అన్నమయ్య లాలిపాట విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాం: బండి నడుపుతూ వద్దు. స్వామిని జోకొట్టడానికి కట్టిన పాట అది, డ్రైవరును కూడా జోకొడుతుంది.

ధనుర్మాసంలో, అంటే డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్యదాకా, తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. కారులోనూ ఆ నెల రోజులు అలా మార్చుకోవచ్చు. 30 పాశురాలు (తమిళ పద్యాలు), రోజుకొకటి. దీనికి రెండు రకాల రికార్డింగులు దొరుకుతాయి. ఒకటి గోష్ఠిలో, అంటే గుడిలో అందరూ కలిసి చదివే పద్ధతి, ఒక్కో పాశురం నిమిషం అటూ ఇటూ. రెండోది అరియక్కుడి రామానుజ అయ్యంగార్ రాగాలు కట్టిన కచేరీ పద్ధతి, ఎం.ఎల్.వసంతకుమారి గొంతులో జనం బాగా ఎరిగినది. దగ్గరి దారికి ఆనాటి పాశురాన్ని కచేరీ పద్ధతిలో వినడం బాగుంటుంది. దూరం వెళ్ళేటప్పుడు ముప్పై పాశురాలూ గోష్ఠిగా వినండి.

రుద్రం (నమక చమకాలు) కారులో వినొచ్చా? కాళ్ళకు చెప్పులుంటాయి కదా.

దీని మీద పెద్దల్లో రెండు మాటలున్నాయి. శ్రుతిని, అంటే వేదాన్ని, శుచిగా కూర్చునే వినాలి, పనిలో పడి వినకూడదు అనేది ఒకటి. పఠించడానికే నియమాలు, చెవిన పడటానికి అడ్డు లేదు అనేది రెండోది. మీ ఇంటి పురోహితుణ్ణో గురువునో అడిగి వారు చెప్పినట్టు చేయండి. మనసులో ఏ మూలైనా శంక ఉంటే స్తోత్రాలకూ సంకీర్తనలకూ మారండి, వాటికి ఈ పట్టింపు లేదు. శంకతో వినే రుద్రం కంటే నిశ్చింతగా వినే శివ పంచాక్షరి మేలు.

రికార్డింగు శుద్ధంగా ఉందో లేదో సంస్కృతం రానివాళ్ళకు ఎలా తెలుస్తుంది?

కొన్ని గుర్తులు ఎవరైనా పట్టుకోవచ్చు. పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఇంట్లో ఒక్కసారి వింటే చాలు.

మొదట ఒత్తులు. భ, ధ, ఘ, ఖ స్పష్టంగా పలకాలి. విష్ణు సహస్రనామంలో "భూతభవ్యభవత్ప్రభుః" దగ్గర భ నాలుగుసార్లు వస్తుంది. అందులో ఒక్కటి బ అయినా పఠించేవారికి శ్రద్ధ తక్కువని అర్థం. ఇదే నామంలో ఊపిరి ఎక్కడ తీస్తున్నారో కూడా చూడండి. భవత్ అని ఆగి, ప్రభుః అని విడిగా ఎత్తుకుంటే ఒకే నామం రెండుగా చీలిపోయినట్టే. తాళానికి సరిపెట్టడం కోసం పాటగా కట్టినవాటిలో ఇది తరచూ జరుగుతుంది.

తర్వాత విసర్గ. పాదం చివర "ప్రభుః" అన్నప్పుడు "హు" లీలగా వినిపించాలి. ఎగిరిపోకూడదు, గట్టిగా "ప్రభుహూ" అనీ సాగకూడదు.

రుద్రానికి ఇంకో పరీక్ష. మన ప్రాంతంలో ఎక్కువగా నడిచే, కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖలో ర, శ, ష, స, హ ల ముందు అనుస్వారాన్ని "గ్ం" అని పలుకుతారు. మొదటి అనువాకంలోనే (భాగంలోనే) "యే చేమాగ్ం రుద్రా" అని వస్తుంది. అక్కడ మామూలు సున్నాగా "చేమాం రుద్రా" అనేస్తే పఠించేవారు వేదాన్ని గురుముఖంగా నేర్చుకోలేదని దాదాపు తేల్చేసుకోవచ్చు. ఇక స్వరం. నమకాన్ని రాగం కట్టి, వెనకాల కీబోర్డు పెట్టి పాడినవి బోలెడు దొరుకుతాయి. స్వరాలే మంత్రానికి ప్రాణం, వాటి మీద రాగం పరిస్తే అవి మిగలవు. వినసొంపుగా ఉన్నా అవి రుద్రం కిందికి రావు.

ఒక్కరు చదివినది మంచిదా, బృందమా?

రుద్రానికి ఇద్దరి నుంచి నలుగురు. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు అందుకుంటారు, ధార తెగదు. పదిమంది దాటితే హల్లులు ఒకదాని మీద ఒకటి పడి కారు స్పీకర్లలో ముద్దగా వినిపిస్తుంది. సహస్రనామాలకు ఒక్క గొంతు చాలు.

"సంత" రికార్డింగులని ఇంకో రకం ఉంది: గురువు ఒకసారి చెప్పి, శిష్యులు రెండుసార్లు అనడానికి ఖాళీ వదులుతారు. నేర్చుకోవడానికి వాటిని మించినవి లేవు. బండిలో మాత్రం ఆ ఖాళీలు పూరించాలన్న తపనలో మనసంతా అటే పోతుంది. వాటిని ఇంటికి ఉంచుకోండి.

ఇంట్లో హెడ్‌ఫోన్లలో అద్భుతంగా ఉన్నది కారులో సగం వినబడదు. స్పీకర్లు మార్చాలా?

ముందు రికార్డింగు మార్చి చూడండి. టైర్లు, ఇంజను, గాలి చేసే రొదలో ఎక్కువ భాగం కింది స్థాయిలోనే ఉంటుంది, కొన్ని వందల హెర్ట్జ్ లోపల. తంబురా, మృదంగం ఎడమ వైపు, మగ గొంతు అడుగు భాగం అన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి ముందు మునిగేవి అవే. మాట స్పష్టతనిచ్చేది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతం. అక్కడ రొద తక్కువ. అందుకే హల్లులు గట్టిగా పలికిన రికార్డింగు హైవే మీద కూడా నిలబడుతుంది. గుడి గర్భాలయంలో ఉన్నట్టు ప్రతిధ్వని కలిపిన రికార్డింగు మాత్రం ముందుగా పాడవుతుంది: ఒక అక్షరం తోక తర్వాతి అక్షరం మీద పడుతుంది, పైన రోడ్డు రొద చేరుతుంది, ఇక నామం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు.

ఈక్వలైజర్‌లో బేస్ రెండు మెట్లు తగ్గించి, మిడ్ ఒకటి రెండు మెట్లు పెంచండి. ట్రెబుల్ జోలికి పోవద్దు, పెంచితే స, ష లు బుసకొడతాయి. "హాల్", "సరౌండ్", "లౌడ్‌నెస్" అని ఏవైనా ఉంటే ఆపేయండి. వేగాన్ని బట్టి వాల్యూమ్ తనంతట తాను పెరిగే సదుపాయం మీ బండిలో ఉంటే తక్కువ స్థాయిలో పెట్టుకోండి. పారాయణానికి ఇది బాగా కలిసొస్తుంది.

పాత రికార్డులు కొనాలా, "డిజిటల్ రీమాస్టర్" చేసినవా?

మోనో అని పాతవాటిని తీసిపారేయకండి. కారులో డ్రైవరు ఒక పక్కకు కూర్చుంటాడు కాబట్టి స్టీరియో అందం ఎలాగూ సగమే దక్కుతుంది. మోనోలో గొంతు నడిమధ్యన స్థిరంగా ఉంటుంది. రీమాస్టర్ అన్న మాట కింద రెండు వేరువేరు పనులు నడుస్తుంటాయి. గరగర తీసి శుభ్రం చేసినది మంచిదే. అసలు గొంతు వెనకాల కొత్తగా వేణువు, కీటకాల చప్పుడు, గంటలు కలిపినదైతే వద్దు. ఒక నిమిషం వింటే తెలిసిపోతుంది: గొంతు పాతది, వెనక వాద్యాలు నిన్న మొన్నటివి.

గరగర మరీ తీసేసినా ఇబ్బందే. గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంటే, స కారాలు మొద్దుబారితే, శుభ్రం చేయడం శ్రుతి మించిందన్నమాట. కొంచెం గరగర ఉన్నదే తీసుకోండి, బండి కదలగానే అది ఎలాగూ వినపడదు.

పెన్‌డ్రైవ్‌లో వేస్తే వరస తప్పి మోగుతున్నాయి.

చాలా కార్ల ప్లేయర్లు పేరు చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ ఫైలు ముందు ఎక్కిందో ఆ వరసలోనే మోగిస్తాయి. పేరు చూసేవాటికి ఇంకో తిక్క, 1 తర్వాత 10 అందుకుంటాయి. రెండింటికీ మందు ఒకటే. పేర్ల ముందు 01, 02, 03 అని వేయండి. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, ఆ వరసలోనే ఒక్కొక్కటిగా కాపీ చేయండి. ఫార్మాట్ ఫ్యాట్32 ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లను పాత ప్లేయర్లు చాలావరకు గుర్తుపట్టవు. 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్ తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. తెలుగు లిపిలో పేరు పెడితే కొన్ని తెరల మీద డబ్బాలే కనిపిస్తాయి. అలాంటప్పుడు ముందున్న అంకెతోనే గుర్తుపెట్టుకోండి.

నాణ్యత విషయానికొస్తే గొంతు ఒక్కటే ఉన్న పారాయణానికి 128 కేబీపీఎస్ ఎంపీ3 సరిపోతుంది, వాద్యాలుంటే 192. అరగంట సహస్రనామం 128లో 29 ఎంబీ, 320లో 72 ఎంబీ. కదిలే బండిలో ఆ తేడా పట్టుకోవడం కష్టం. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో 192 లెక్కన 180 గంటల పైన పడుతుంది, కానీ అంత నింపకండి. పది పారాయణాలున్న పెన్‌డ్రైవ్ రోజూ మోగుతుంది, వెయ్యి ఉన్నదాంట్లో వెతకడంతోనే సరి.

బండి ఆపి మళ్ళీ తీస్తే మొదటి నుంచి మొదలవుతోంది. ముక్కలు చేస్తే మధ్యలో తెగుతోంది.

రెండూ ఒకే సమస్యకు రెండు కొసలు. ఆగిన చోటును గుర్తుపెట్టుకోని ప్లేయర్లకు అరగంట ఫైలు పనికిరాదు, పెట్రోలు బంకులో ఆపిన ప్రతిసారీ "శుక్లాంబరధరం" దగ్గరికి వస్తారు. ముక్కలు చేస్తే, ఎంపీ3 ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కొన్ని పదుల మిల్లీసెకన్ల నిశ్శబ్దం చేరుతుంది. తర్వాతి ఫైలు తెరవడానికి ప్లేయరు ఇంకో అరసెకను తీసుకుంటుంది. శ్లోకం నడుమ ఆ ఖాళీ పంటి కింద రాయిలా తగులుతుంది.

కాబట్టి ఎక్కడ కోయాలన్నదే అసలు విషయం. ఎవరైనా సహజంగా ఊపిరి తీసుకునే చోట కోయండి. రుద్రానికి అనువాకాల హద్దులున్నాయి, నమకానికి 11, చమకానికి 11. సుప్రభాతానికి నాలుగు భాగాలు. సహస్రనామానికి పూర్వపీఠిక, ధ్యానం, స్తోత్రం, ఫలశ్రుతి. స్తోత్రం ఇరవై నిమిషాల పైన ఉంటుంది కాబట్టి దాన్ని 25 శ్లోకాలకొకటి చొప్పున మళ్ళీ నాలుగైదు చేయొచ్చు. అంతర్జాలంలో దొరికే ముక్కల్లో చాలావరకు సరిగ్గా ఐదు నిమిషాలకు గుడ్డిగా కోసినవే. నామం మధ్యలో కత్తి పడుతుంది.

వేరువేరు చోట్ల సేకరించినవి ఒకటి గట్టిగా, ఒకటి నెమ్మదిగా ఉంటాయి. ఎంపీ3గెయిన్ లాంటి ఉచిత ప్రోగ్రాముతో అన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చుకోండి. దాని డిఫాల్ట్ 89 డెసిబెళ్ళు, అదే ఉంచేయండి.

ఫోన్ నుంచి యూట్యూబ్ పెట్టుకుంటే సరిపోదా?

"విశ్వం విష్ణుర్వషట్కారో" అంటుండగా ఏదో అప్పు ఇప్పిస్తామనే ప్రకటన వస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. దాన్ని దాటేయడానికి చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్. ఫోనే వాడతామంటే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, బండి కదలకముందే పెట్టండి, ఒకటి అయిపోయాక తనంతట తాను ఏదో ఒకటి ఎత్తుకునే ఆటోప్లే ఆపేయండి. దారి చెప్పే యాప్ మధ్యలో మాట్లాడితే పారాయణం తగ్గుతుంది. తెలిసిన దారిలో ఆ గొంతు ఆపేసుకోవచ్చు. తెలియని దారిలో మాత్రం దారి చెప్పే గొంతుకే పెద్దపీట.

వింటుంటే కునుకు వస్తోంది.

ఒకే ఎత్తు, ఒకే లయ, ఒకే గొంతు. మనసును కుదురుపరిచే గుణమే నిద్రకూ దారి తీస్తుంది. భోజనం తర్వాత, అర్ధరాత్రి దాటాక, హైవే మీద తిన్నగా పోతున్నప్పుడు పారాయణం పెట్టకండి. చమకం కూడా "చ మే, చ మే" అంటూ ఊయలూపుతుంది. ఆ వేళల్లో తాళం వేసే భజనలో, పక్కవారితో మాటలో నయం. పాట మార్చినా రెప్పలు బరువెక్కుతుంటే అది రికార్డింగుతో తీరేది కాదు. బండి పక్కకు ఆపి పడుకోవాలి.

వింటూ నేనూ కలిసి చదవొచ్చా?

కంఠస్థంగా వచ్చినదైతే చదవొచ్చు, నోరు కదులుతుంటే మెలకువగానూ ఉంటారు. రానిదాన్ని అందుకోవాలని ప్రయత్నించకండి, తర్వాతి పాదం ఏమిటా అని వెతికే మనసుకు ముందున్న బ్రేక్ లైటు ఆలస్యంగా కనిపిస్తుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకోవడం, తెర మీద లిరిక్స్ చూడటం అసలు వద్దు. జపమాల కూడా వద్దు. న్యాసం, ముద్రలు, ఆచమనం ఇవన్నీ ఇంటి దగ్గరే.

ఇంకొకటి, చాలామందికి తెలియకుండానే జరిగేది. దారిలో గుడి కనిపించగానే రెండు చేతులూ స్టీరింగ్ వదిలి జోడిస్తారు. వెనక మంగళాశాసనం మోగుతుంటే మరీను. కళ్ళు కూడా అర సెకను మూతపడతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్ల పైన పోతుంది. మనసులో అనుకుంటే చాలు, చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి.

వాల్యూమ్ ఎంత ఉండాలి?

పక్క సీటువారు మామూలు గొంతుతో మాట్లాడితే వినబడేంత. అద్దాలు ఎక్కించి ఉన్నా వెనక అంబులెన్సు సైరను తెలియాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడపకూడదు.

ఇంటికి చేరాం, ఇంకా ఐదు నిమిషాలు మిగిలింది. ఆపేస్తే దోషమా?

మీరు సంకల్పం చెప్పుకుని కూర్చుని చేసిన పారాయణం కాదు, వింటున్నారు. ఆపొచ్చు. అలా ఆపడం మనసుకు నచ్చకపోతే శ్లోకం పూర్తయ్యేదాకా ఉండి ఆపండి, లేదా మిగిలినది పెన్‌డ్రైవ్‌లో ఒక చిన్న ముక్కగా పెట్టుకోండి. సహస్రనామానికైతే "శ్రీరామ రామ రామేతి" శ్లోకం ఒక్కటీ విడి ఫైలుగా 99 అన్న అంకెతో చివర వేసుకుని, ఇంటి సందు మలుపు తిరిగేటప్పుడు స్టీరింగ్ మీది బటన్‌తో దానికి దూకేవాళ్ళున్నారు. ప్లేయరులో మొదటి ఫైలు దగ్గర "వెనక్కి" నొక్కితే చివరి దానికి వెళ్తుందో లేదో ఆగి ఉన్నప్పుడే చూసుకోండి. అన్నిటిలోనూ అలా వెళ్ళదు.